మాడు అన్న మాట

మా వీధి చివరి సూపర్ మార్కెట్లో పండ్ల దగ్గర ఈ మధ్య ఒక బోర్డు పెట్టారు: "దయచేసి పండ్లను నొక్కి చూడరాదు." ఒక్కో మామిడిపండుకూ నురుగు వల తొడిగి, నుదుట స్టిక్కరు అంటించి, చల్లటి అరలో కూర్చోబెట్టి, దూరం నుంచి చూసి కొనుక్కోమంటారు. నొక్కకుండా మామిడిపండు కొనడం, ప్రశ్నపత్రం చూడకుండా జవాబులు దిద్దడం లాంటిది. ఆ రోజుల్లో ఇలా ఉండేది కాదు. ఆ రోజులంటే తాతల కాలమేమీ కాదు. కొత్తపేట పండ్ల మార్కెట్టు బాటసింగారానికి తరలిపోయిన కొత్తలు. అప్పటికింకా మనిషి బొటనవేలికి కొంత అధికారం మిగిలి ఉండేది. పండ్లనే కాదు, మనుషుల్ని కూడా నొక్కి చూసి తీర్పు చెప్పేవాళ్లుండేవారు. నన్నూ ఒకాయన నొక్కి చూశాడు. ఆ సంగతి చెప్పడానికి వేరే సాకు దొరక్క ఈ బోర్డు మీద కోపం తెచ్చుకున్నాను.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్లు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో రీజనింగ్ చెప్పేవాణ్ణి. (ఎ అనువాడు బి కి మేనమామ, బి తల్లి సి కి వదిన, అయితే ఎ కి సి ఏమవుతాడు, ఆ తరహా. పరాయివాళ్ల బంధుత్వాలు చిటికెలో తేల్చేవాణ్ణి.) మాది గుడివాడ వైపు. అదే సెంటర్లో మెట్ల కింద అద్దాల గదిలో కూర్చుని సాయంత్రాలు పిల్లల సందేహాలు తీర్చే ఆమె ఒకరుండేది. పిల్లలు ఆమెను డౌట్స్ మేడం అనేవారు. నేనూ అలాగే అంటాను, ఇప్పటికీ. పిల్లల వెనక వరసలో నిలబడి నేను కూడా కొన్ని లెక్కలు అడిగేవాణ్ణి. నాలుగో రోజు ఆమె కాగితం నావైపు తోసి, "సార్, ఇది ఏడో తరగతి లెక్క. మీ డౌట్ దీనిమీద కాదు" అంది. సందేహం తీర్చడంలో ఆమెకు అంత పేరు ఊరికే రాలేదు.

ఏడాది గడిచేసరికి ఆమె వైపు సందేహాలు తీరాయి గాని, వాళ్ల నాన్నగారు మిగిలారు. ఎల్బీనగర్‌లో ఉండేవారు. సూర్యాపేట అవతలి పల్లె నుంచి వచ్చి, కొత్తపేట మార్కెట్లో మామిడికాయలు ఏరే మేస్త్రీగా స్థిరపడిన మనిషి. లారీ దిగిన కాయను చేతిలోకి తీసుకుని బొటనవేలితో ఒక్కసారి నొక్కి, ఇది ఇయ్యాలటి పండు, ఇది రేపటి పండు, ఇది కాయ, ఇది పచ్చడికి అని నాలుగు కుప్పలు పోసేవాడట. రెండోసారి నొక్కడం అనేది లేదు. మార్కెట్టు బాటసింగారం వెళ్లాక ఆయన పొద్దున్నే అంత దూరం పోయి, దారి పొడుగునా మార్కెట్టును తరలించినవాళ్లను తిట్టుకుంటూ, అక్కడ కూడా అదే బొటనవేలితో అదే పని చేస్తున్నాడు.

"మా నాయిన పండ్లను, మనుషులను ఒక్క తీరుగనే చూస్తడు," అని ఆమె ముందే చెప్పింది. నా గురించి విన్నప్పుడు ఆయన జీతం అడగలేదు, ఊరు అడగలేదు, కులం, మతం అసలే అడగలేదు. (ఆ ప్రశ్నలు అడగడానికి రెండు వైపులా తగినంత మంది బంధువులు సిద్ధంగా ఉన్నారు.) ఆయన పెట్టింది ఒక్కటే షరతు. వాడుండే ఇంట్లనే కూసొని, వాడు వండింది తింట, అటెన్క చెప్త, అన్నాడు. తానొక్కడూ తినడానికి వండుకోలేనివాడు ఇంకొకరికి ఏం పెడతాడన్నది ఆయన సిద్ధాంతం. సిద్ధాంతంతో నాకు పేచీ లేదు. పేచీ అల్లా డౌట్స్ మేడంతోనే. ఒకవేళ ఆయన వద్దంటే అని నేను అడిగితే ఆమె, "ఆయన కాయ అన్నదాన్ని పండు అని నేను ఎట్లంట?" అంది. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. అందువల్ల నా భవిష్యత్తు ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి కుదించబడింది.

ఆ శుక్రవారం ఆమెను దిగబెట్టడానికి ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ దాకా వెళ్లాను. ప్లాట్‌ఫారం మీద విడిపోయే ముందు ఆమె ఒక హెచ్చరిక చేసింది. అసలు ఆమె అన్నది: "మా నాయిన ముందట మాడు అన్న మాట మాట్లాడకు." సరిగ్గా అప్పుడే రైలొచ్చింది, రైలుతో పాటు మూడు భాషల్లో ప్రకటన వచ్చింది. నాకు వినపడింది: "మా నాయిన ముందట... మాట మాట్లాడకు." సరే, పెద్దాయనకు వాగుడుకాయలంటే గిట్టదు కాబోలు అనుకుని తల ఊపాను. ఆమె నిశ్చింతగా మెట్లు దిగి వెళ్లిపోయింది.

ఆ మాట వెనక కథ నాకు ఆలస్యంగా తెలిసింది. మీకు ముందే చెబుతాను, పక్కవాళ్ల ప్రమాదం ముందే తెలిస్తే చూడడానికి బాగుంటుంది. వాళ్ల చర్చి వార్షికోత్సవం రోజున ప్రేమ విందు అని సంఘమంతా కలిసి భోంచేస్తారు. ఏటా మాంసం దేగిశా దగ్గర గరిటె ఈయనదే. ఒక ఏడు మైకు సెట్టు దగ్గర ఎవరికో మాటా మాటా పెరిగితే సర్దిచెప్పడానికి వెళ్లి వచ్చేసరికి కూర అడుగంటింది. మాడు వాసన మూడు వీధులు తిరిగి వచ్చింది. సంఘం ఆ కూర తిన్నది, ఆయన్ని క్షమించింది. (క్షమించడంలో వారికి ఆదివారం ఆదివారం శిక్షణ ఉంది.) కాకపోతే పేరు మాత్రం ఉండిపోయింది: మాడు మేస్త్రీ. ఆయన ఆ రోజు దించిన గరిటె మళ్లీ ఎత్తలేదు. వాళ్లింట్లో అన్నం అడుగంటినా "కొంచెం ఎక్కువ ఉడికింది" అనేవారు తప్ప ఆ మాట ఎవరూ అనరు.

ఇవేమీ తెలియని నేను నా గదిలో కూర్చుని ఏం వండాలా అని ఆలోచించాను. మటన్ కూర వండితే ఆయనకు తెలిసిన సబ్జెక్టులో పరీక్ష రాసినట్టు. మా సెంటర్లో పిల్లలకు చెప్పే సూత్రమొకటి ఉంది: నీకు రానిది తప్పనిసరిగా రాయవలసి వస్తే, దిద్దేవాడికి కూడా తెలియనిది రాయి. ఆ వెలుగులో ఫోన్ తిరగేస్తుంటే గడ్డం ఉన్న ఒక అమెరికా ఆయన కనపడ్డాడు. పెరట్లో ఇనప పొయ్యి ముందు కూర్చుని, పొద్దుటి నుంచి కట్టెల పొగ మీద మాంసం మగ్గబెట్టి, దాని కొసలు కోసి, తీపి కారం పులుపు కలిసిన పాకం పూసి, నల్లగా నిగనిగలాడేదాకా మళ్లీ కాల్చాడు. బర్న్‌ట్ ఎండ్స్ అట. ఒకప్పుడు పనికిరావని పక్కన పెట్టిన కొసలే తర్వాత జనం వరసకట్టి తినే వంటకమయ్యాయట. ఆయనకు పెరడుంది, కట్టెలున్నాయి, రోజంతా ఖాళీ ఉంది. నాకు మూడో అంతస్తులో ఒక గది, ఆ గదిలో సగం కిరాయి కట్టే ఎస్సై, ఎస్సైకి ఒక ఎయిర్ ఫ్రయర్ ఉన్నాయి.

ఎస్సై అంటే ఇంకా ఎస్సై కాలేదు. ఆ ఉద్యోగానికి చదువుతున్నాడు. వరంగల్ మనిషి. పరుగు పందెంలో గట్టెక్కాలని నూనె మానేసి, అప్పడాలు కాల్చుకోవడానికి ఆ వేడిగాలి యంత్రం కొనుక్కున్నాడు. దానిమీద పసుపు బొట్టు కూడా పెట్టాడు. ముక్కలు మాడాలి, అందుకు కావాలని అడగగానే ఇచ్చాడు గాని, "భయ్యా, దాంట్ల నూనె చుక్క పడొద్దు" అన్నాడు. మేక కొవ్వు నూనె కిందికి రాదని నేను వాదించి గెలిచాను. రీజనింగ్ ఇలాంటి చోట పనికొస్తుంది.

శనివారం ఒక రిహార్సల్ జరిగింది. మాంసం కొట్టతన్ని ఛాతీ భాగం కావాలని తెలుగులోనూ, బ్రిస్కెట్ అని ఇంగ్లిషులోనూ, నా ఛాతీ మీద చెయ్యి వేసి సైగలతోనూ అడిగితే, "సీనా అనరాదా సార్, గంత పరేషాన్ ఎందుకు?" అని ఒక్క మాటలో తేల్చాడు. అంతా బాగానే ఉంది, పొగ ఒక్కటే తక్కువ. పొగ కోసం కింద ఇస్త్రీ బండి అతన్ని బతిమాలి ఒక నిప్పు కణిక తెచ్చి, చిన్న గిన్నెలో వేసి నెయ్యి చుక్క వదిలి, ఎయిర్ ఫ్రయర్లో మాంసం పక్కన పెట్టి మీట నొక్కాను. ఆ యంత్రం లోపల ఉండేది ప్రధానంగా ఒక ఫ్యాను అన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకొచ్చింది. కణిక మీది బూడిద మాంసం మీద, నా మీద, తాడు మీద ఆరేసిన ఎస్సై తెల్ల చొక్కా మీద సమానంగా పంపిణీ అయింది. (అంత నిష్పాక్షికంగా పనిచేసిన వస్తువును నేను మళ్లీ చూడలేదు.) పొగ ప్రయత్నం విరమించుకున్నాను.

ఆదివారం పొద్దున్నే సీనాకు ఉప్పు, కారం, మిరియాలు, బెల్లం, కొద్దిగా కాఫీ పొడి పట్టించి, రేకు కాగితంలో చుట్టి సన్నటి వేడి మీద పెట్టాను. గంటకోసారి యంత్రం దానంతట అది ఆగిపోతే మళ్లీ తిప్పాను. మెత్తబడ్డాక ముక్కలు కోసి, చింతపండు, బెల్లం, టమాటా సాస్ కలిపిన పాకంలో ముంచి, చివరి పది నిమిషాల కాల్పుకు పెట్టాను. అప్పుడే ఫోన్ మోగింది. పాస్టర్ గారికి గొంతు పట్టేసి ప్రార్థన తొందరగా ముగిసిందట. తండ్రీ కూతుళ్లు దిల్‌సుఖ్‌నగర్ స్టేషన్లో దిగి ఉన్నారు. గంట మోగగానే తీసెయ్యమని ఎస్సైకి అప్పగించి పరుగెత్తాను.

వాళ్లను వెంటబెట్టుకుని మెట్లెక్కుతుంటే రెండో అంతస్తు దగ్గర నాకు వాసన తగిలింది. డౌట్స్ మేడం నావైపు చూసింది. పెద్దాయన ముక్కు ఒక్కసారి ఎగబీల్చి, మిగతా మెట్లు ఎక్కాడు. గదిలో ఎస్సై, ఆజ్ఞ నెరవేర్చిన కానిస్టేబుల్ లాగా నిలబడి ఉన్నాడు. పక్కకు లాగి ఏం చేశావని అడిగాను.

"గంట కొట్టంగనే తీసి చూసిన భయ్యా. మాడలే. మాడాలె అని నువ్వే అన్నవ్ గద. మల్ల పెట్టిన."

చేసేదేమీ లేదు. చాప పరిచాం. నేను హెచ్చరికను తు.చ. తప్పకుండా పాటిస్తూ నోరు మూసుకున్నాను. పెద్దాయన తెల్ల చొక్కా, బైబిలు సంచీతో గోడకు ఆనుకుని కూర్చుని ఏ ఊరు అని అడిగాడు. చేతులు జోడించి నవ్వాను. అమ్మానాన్నలు బాగున్నారా అన్నాడు. తల ఊపాను. ఉద్యోగం ఎట్లుందంటే ఇంకాస్త గట్టిగా ఊపాను. డౌట్స్ మేడం కళ్లతో ఏదో చెబుతోంది. భేష్, ఇలాగే కానివ్వు అని కాబోలు అనుకున్నాను. ఆయన కూతురివైపు వంగి, రహస్యమనుకుని, "గీ సారు క్లాసుల గిట్లనే చెప్తడా?" అని అడిగాడు. ఎస్సై కల్పించుకుని, మనిషి మంచోడే కాకా, మాటలు తక్కువ అని హామీ ఇచ్చాడు. (అతను మా సెంటర్లోనే పక్క క్లాసులో కూర్చుని, నా పాఠాలు గోడ అవతలి నుంచి ఏడాదిగా వింటున్నాడు.)

అన్నం, పప్పుచారు వడ్డించి మధ్యలో స్టీలు గిన్నె పెట్టాను. గిన్నెలో ముక్కలు, నిజం చెప్పొద్దూ, బొగ్గుకు బంధువుల్లా ఉన్నాయి. కొన్ని దగ్గరి బంధువులు. ఆయన వేలు చూపించి ఇదేందన్నాడు. నవ్వాను. "పేరు లేదా దీనికి, సారూ?" అన్నాడు.

ఇక్కడ నేను ధర్మసంకటంలో పడ్డాను. మాట్లాడకూడదు, నిజమే, కాని సూటిగా అడిగిన ప్రశ్నకు జవాబు ఇవ్వకపోతే పొగరు అనుకుంటారు. ఒక్క మాటైతే ఫరవాలేదనుకున్నాను. ఆ ఒక్క మాట ఇంగ్లిషులో చెబితే గొప్పలకు పోయినట్టుంటుంది, చక్కగా తెలుగులో చెబుదామనుకున్నాను. ఆ పూట అప్పటిదాకా నా నోటి నుంచి వచ్చిన మొట్టమొదటి మాట ఇది:

"మాడు ముక్కలండి."

డౌట్స్ మేడం మంచినీళ్ల గ్లాసు పెదవుల దగ్గరే ఆపేసింది. పెద్దాయన నావైపు చూడలేదు. కూతురివైపు చూశాడు, ఇది నువ్వు చెప్పి అనిపించావా అన్నట్టు. ఆమె కాదన్నట్టు చిన్నగా తల అడ్డంగా ఊపింది. కథ తెలియకపోయినా, గదిలో ఏదో నేరం జరిగిందని ఎస్సై పసిగట్టాడు. కాబోయే పోలీసు గదా, వెంటనే రంగంలోకి దిగాడు.

"మాడంటే తలకాయ కాకా. ఎండకు మాడు పగుల్తుంది అంటరు సూడు, గా మాడు. తలకాయ ముక్కలన్నట్టు."

ఆపద వేళ అంత చక్కటి నానార్థం తోచినవాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. పెద్దాయన గిన్నెలోంచి ఒక ముక్క తీసి, బొటనవేలితో ఒక్కసారి నొక్కాడు.

"ఇది సీనా. తలకాయకు గీ పొర ఉండదు," అన్నాడు. "పోలీసైతవట గద బిడ్డా. జర సూసి చెప్పాలె."

ఎస్సై పప్పుచారులోకి తల దించుకున్నాడు. పెద్దాయన ఆ ముక్కను నోట్లో వేసుకున్నాడు. చాలాసేపు నమిలాడు. నమలక తప్పని ముక్క అది. తర్వాత గిన్నె తన వైపు లాక్కుని, ఏరాడు. నల్లనివన్నీ ఒక పక్కకు, ఎర్రగా మెత్తగా ఉన్నవన్నీ ఇంకో పక్కకు, చకచకా రెండు కుప్పలు. ఇక నల్లకుప్ప పారేయమంటాడని నేను చెయ్యి చాపబోయాను. ఆయన ఎర్ర కుప్ప మావైపు తోసి, నల్ల కుప్ప తన కంచంలో వేసుకున్నాడు. అన్నం మరిచిపోయి ఒక్కొక్కటే తినడం మొదలుపెట్టాడు.

తింటూ తింటూ, ఎవరికీ కాదన్నట్టు, ఆ విందు సంగతి తనే ఎత్తాడు. ఆ రోజు అందరూ వెళ్లిపోయాక ఆడవాళ్లు దేగిశా అడుగు గీకి, నల్లటి చెక్కలు ఒక పళ్లెంలో పడేశారట. చర్చి వెనక ఒంటరిగా కూర్చుని, సిగ్గుతో పాటు అవి కూడా నమిలి మింగుదామని ఒకటి నోట్లో వేసుకున్నాడట. తన జన్మలో అంత రుచైన మాంసం తినలేదట. పళ్లెం ఖాళీ చేశాడట. కాని ఎవరితో చెబుతాడు? మాడ్చినవాడే మాడు బాగుందంటే నమ్మేదెవరు? అందుకని ఇన్నేళ్లూ ఆ రుచిని నాలుక కింద దాచుకున్నాడు. డౌట్స్ మేడం గ్లాసు కింద పెట్టి వాళ్ల నాన్నను కొత్తమనిషిని చూసినట్టు చూస్తోంది.

ఆఖరి ముక్క చేతిలో ఉండగా ఆయన నావైపు తిరిగాడు.

"ఒక్కటి చెప్పు సారూ. తెలిసి మాడ్చినవా, తెల్వక మాడ్చినవా?"

అమెరికా గడ్డం ఆయన పేరు చెప్పి, ఇదంతా శాస్త్రప్రకారమేనని తప్పించుకోవచ్చు. తెలిసే అంటే గెలుస్తానని కూడా తోచింది. కాని ఎదురుగా డౌట్స్ మేడం ఉంది. ఆమె ముందు ఏడో తరగతి లెక్క అడిగి దొరికిపోయినవాణ్ణి. "సగం తెలిసేనండి. మిగతా సగం వీడు," అని ఎస్సైని చూపించాను.

ఆయన నవ్వలేదు. చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, నా దగ్గరికి వచ్చి, భుజం మీద బొటనవేలు పెట్టి ఒక్కసారి నొక్కాడు. రెండోసారి నొక్కలేదు. "కాయనే," అన్నాడు. చెప్పులు వేసుకుంటూ, "గడ్డిల పెడితే మాగుతది," అని బైబిలు సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు. కూతురు వెనకే వెళ్లింది.

కాయంటే ఫెయిలే భయ్యా అని ఎస్సై తన వంతు ఓదార్పు చెప్పాడు. ఆ రాత్రంతా నాకు పచ్చడి జాడీలు కళ్లముందు కదిలాయి. మర్నాడు సాయంత్రం అద్దాల గది ముందు పిల్లల వరసలో నిలబడి, నా వంతు రాగానే, కాయ అంటే ఏమిటి అని అడిగాను. ఆమె నా కాగితం మీద ఏదో గీస్తున్నట్టు నటిస్తూ, పచ్చడికి పోయేదాని కోసం మా నాయిన గడ్డి వేస్టు చేయడు సార్, అంది. నా తర్వాత నిలబడ్డ కుర్రాడు, డౌట్ అంత తొందరగా తీరిపోయినందుకు ఆశ్చర్యపోయాడు.

తర్వాతి వార్షికోత్సవానికి ఆయన మళ్లీ గరిటె పట్టాడు. అడుగు జర మాడనియ్యుండ్రి అని పొయ్యి దగ్గర ఆడవాళ్లకు తనే చెప్పాడట. ఎస్సై నిజంగానే ఎస్సై అయ్యాడు. ఆ యంత్రాన్ని మాకు పెళ్లి కానుకగా ఇచ్చేశాడు, బొట్టుతో సహా. అది పోయాక రెండు అరలది, అంకెలు వెలిగేది కొన్నాం. ఇప్పుడు నా దగ్గర మాంసంలోకి గుచ్చి వేడి చూసే పుల్ల ఉంది, పొగ పట్టించిన ఉప్పు ఉంది, ఏ నిమిషంలో పాకం పూయాలో రాసుకున్న కాగితం ఉంది. ప్రతి ముక్కా నాలుగు వైపులా ఒకే రంగు తేలుతుంది. ఒక్కటీ మాడదు. అప్పుడప్పుడు ఆ స్టీలు గిన్నె కనపడితే, ఒక పూటంతా నోరు మూసుకుని కూర్చుని, అనకూడని ఒక్క మాటా ఏరికోరి అన్న ఆ కుర్రాడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. వాడికి వంట రాదు. భయం మాత్రం బాగా వచ్చు.

పోయిన ఆదివారం మామగారు వచ్చారు. అద్దంలా మెరిసే ముక్కలు కంచంలో పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఒకటి తీసి బొటనవేలితో నొక్కాడు. నల్లటిది ఏమైనా దొరుకుతుందేమోనని మిగతావి కాసేపు అటూ ఇటూ కదిపి చూశాడు. తర్వాత నోట్లో వేసుకుని, రెండు నమలుళ్లలో మింగేసి, చెయ్యి తుడుచుకున్నాడు.

"గప్పుడు మంచిగ మాడ్చినవ్ అల్లుడా. ఇప్పుడు ఉత్తగ వండుతున్నవ్."